చెంచయ్యగారికి దారి

పోయిన ఏడాది మిరప కోతల కాలంలో మా మామయ్య నలభై మూడు రోజులు వేపచెట్టుకు వేలాడారు. మామయ్య అంటే ఆయన అస్థికలు. కొత్త కుండలో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి, చేని గట్టున వేపకొమ్మకు తగిలించారు. అస్థికలు ఇంట్లోకి తేకూడదు కదా, ఏదో ఒక నదిలో కలిపేదాకా చెట్టుకే ఉండాలి. ఎవరింట్లోనైనా అది నాలుగు రోజుల ముచ్చట. మా ఇంట్లో అది ఒక పంటకాలం పట్టింది.

తప్పు ఆయనదే. బతికినన్నాళ్ళూ నీళ్ళ గురించి తప్ప ఇంకో మాట ఎత్తని మనిషి, పోయేముందు కూడా నీళ్ళ మాటే మాట్లాడారు. మాది వినుకొండకు ఇవతల, సాగర్ కుడి కాలవ కింద, ఒక మైనరుకు చిట్టచివరి పొలం. మైనరంటే పెద్ద కాలవలోంచి చీలే పిల్లకాలవ. తల దగ్గర తూము ఎత్తితే నీళ్ళు ఏడు కిలోమీటర్లు నడిచి మా చేనికి రావాలి. దారి పొడవునా గట్టు మీద ఆయిల్ ఇంజన్లు. ఎవరి గొట్టం వాళ్ళు ముంచి తోడుకుంటే మాదాకా వచ్చేది తడిసిన ఇసుకే. వేటపాలెం వైపు నీళ్ళున్న ఊళ్ళో పుట్టిన నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, వీళ్ళు దేవుడికంటే తూమును ఎక్కువ తలుచుకుంటారేమిటా అని నవ్వుకునేదాన్ని. మామయ్య పొద్దున్నే టవలు భుజాన వేసుకుని బయల్దేరేవారు. తల దగ్గర్నుంచి చివరిదాకా గట్టు వెంట నడిచి, ఇంజన్లవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టి, ఆకలి బాగా వేసి ఇంటికొచ్చేవారు.

ఆస్పత్రి మంచం మీద మా ఆయన కోటేష్‌ను దగ్గరికి పిలిచి చెప్పారు. "ఒరేయ్, నన్ను కృష్ణలో కలపొద్దు. మన మైనరు తల దగ్గర వదలండి. ఈ నీళ్ళు చివరిదాకా ఎందుకు రావో నేనే పోయి చూసుకుంటా."

"అట్టాగే నాన్నా," అన్నాడు కోటేష్. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే అంటారు.

డిసెంబరు ఆఖర్న ఆయన పోయారు. కాలవలో అప్పటికే చుక్క లేదు. మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పందిట్లో పంచాయితీ మొదలైంది. మామయ్యను ఎలా గుర్తుంచుకోవాలన్నది పంచాయితీ. ఆయన అన్నగారు, మా పెదమామయ్య, ఊరి సెంటర్లో విగ్రహం పెట్టాలన్నారు. పంచె, టవలు, చేతిలో కర్ర, అన్నీ ఉండాలట. ఒకరు చేలో సమాధి కట్టి టైల్స్ వేయిద్దామన్నారు. ఇంకొకరు బస్టాపులో ఆయన పేరు రాసి సిమెంటు బల్లలు వేయిద్దామన్నారు. కోటేష్‌కు మంచినీళ్ళ ప్లాంటు మీద మనసు. అందరూ గట్టిగా మాట్లాడుతుంటే మా పాప నా ఒళ్ళో ఉలిక్కిపడి లేచింది.

లోపలి గది గడప దగ్గర మా అత్తయ్య రాజ్యం కూర్చుని ఉంది.

"సెంటర్లో నిలబెడితే మూడో రోజుకి ఆయనే దిగి కాలవ గట్టుకి పోతాడు," అంది. "ఆయన ఏం అడిగాడో అది చెయ్యండి ముందు. ఊరేగింపులు తర్వాత."

"కాలవలో నీళ్ళేవి రాజ్యం?" అన్నారు పెదమామయ్య. "ఈ రోజుకి అస్థికలు కలిపెయ్యాల్సింది. చెట్టుకి అట్టా వదిలేస్తే ఇంటికి మంచిది కాదు."

"నీళ్ళొచ్చేదాకా ఉంటాడు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసినోడికి ఇంకో నెల ఎక్కువా?"

ఆమె మాట అంతే. కానీ ఆ నెల ఎలా గడిచిందో మాకే తెలుసు. ఇంట్లో ఏ మనిషీ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. అత్తయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేనికి పోయి కుండను చూసి వచ్చేది. భర్త పోయి నెల తిరక్కుండా గడప దాటుతోందని వీధిలో చెవులు కొరుక్కునేవాళ్ళు. ఆమెకు వినపడేది. వినపడనట్టు ఇంకా నిటారుగా నడిచేది. కోటేష్ బండి వేసుకుని రోజూ పెద్ద కాలవదాకా పోయి ఉత్త చేతులతో వచ్చేవాడు. చేలో మొదటి కోతకు కాయ ఎర్రబడింది గానీ పైన ఉన్న పూత, పిందె నీళ్ళు లేక వడిలిపోతున్నాయి. కోతకు రావాల్సిన కూలీలు చెట్టుకున్న కుండను చూసి, అటువైపు సాళ్ళలోకి దిగేది లేదన్నారు. నేను ఫోను చేతిలో పట్టుకుని, పట్టుకున్న సంగతి మర్చిపోయి, ఫోను కోసం ఇల్లంతా వెతికేదాన్ని.

ముప్పయ్యో రోజున పాపకు జ్వరం వచ్చింది. మందులేసినా తగ్గలేదు. పెదమామయ్య వచ్చి పాప నుదుటి మీద చెయ్యేసి, కోటేష్ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. ఆ చూపు చాలు మా ఆయనకు. తెల్లారి లేచేసరికి కోటేష్ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"రమ్యా, నేను అమరావతి పోతున్నా. పెదనాన్న వస్తున్నాడు. కలిపేసి మధ్యాన్నానికి వచ్చేస్తాం."

"అత్తయ్యకి చెప్పావా?"

"చెప్తే పోనిస్తుందా? పిల్లకేమన్నా అయితే నాన్న నీళ్ళు తెచ్చిస్తాడా?"

నేను వద్దనలేదు. ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే. జ్వరానికీ కుండకూ సంబంధం లేదని చదువుకున్న నాకు తెలుసు. కానీ కాలిపోతున్న పిల్లను ఒళ్ళో పెట్టుకున్నప్పుడు చదువు ఎటో పోతుంది. పైగా నేనింకో పని కూడా చేశాను. పెరట్లో నీళ్ళ పొయ్యి ఉంది. పత్తి ఏరాక మిగిలిన కట్టెతో దాని మీద స్నానాలకు నీళ్ళు కాస్తాం. అందులో బూడిద తోడి, అలాంటిదే ఇంకో కుండలో నింపి, మూతికి తెల్లగుడ్డ కట్టి నేనే ఇచ్చాను. కోటేష్ ఆ కుండను కొమ్మకు తగిలించి అసలు కుండను తీసుకుపోయాడు.

పాపకు రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. మందుల వల్లే తగ్గి ఉంటుంది. పెదమామయ్య మాత్రం నన్ను చూసి తల ఊపారు. అత్తయ్య ఎప్పటిలాగే పొద్దునా సాయంత్రం పోయి పత్తికట్టె బూడిదకు కాపలా కాసి వచ్చేది. ఆమె చెప్పులు విప్పే చప్పుడు వినిపిస్తే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

నలభై రెండో రోజున కాలవకు నీళ్ళు వదిలారు. అయిదు రోజుల వంతు. కబురు తెలియగానే అత్తయ్య కోటేష్‌ను పిలిచింది.

"మైనరు రైతులందరికీ ఫోన్లో ఏదో ఉందిగా, అందులో పెట్టు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆయన్ని కలుపుతున్నామని."

కోటేష్ నా మొహం చూశాడు. నేను గోడ చూశాను. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. ఇద్దరం చెప్పలేదు. తను వాట్సాప్ గ్రూపులో మామయ్య ఫోటో పెట్టి, 'రేపు ఉదయం 8 గంటలకు మన మైనరు తల తూము వద్ద కీర్తిశేషులు చెంచయ్యగారి అస్థికల నిమజ్జనం, అందరూ గమనించగలరు' అని రాశాడు. నిమిషంలో దండాల బొమ్మలు వరుసకట్టాయి. ఊరి మంచినీళ్ళ చెరువుకు వేరే తూము ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

మర్నాడు మేము తల దగ్గరికి పోతుంటే కనపడ్డ దృశ్యం అంతకుముందు నా జన్మలో చూడలేదు. ఏడు కిలోమీటర్ల గట్టు మీద ఒక్క ఇంజను కూడా నీళ్ళ కోసం కాచుకుని లేదు. గొట్టాలన్నీ కాలవలోంచి పైకి లాగి గట్టున పడేసి ఉన్నాయి. ఎవరు మాత్రం అస్థికలు కలిసిన నీళ్ళు తోడి చేలో పారించుకుంటారు? కనీసం మూడు రోజులు మైల పాటించాలని పైవాళ్ళంతా ఎవరికి వాళ్ళే అనేసుకున్నారట. మేమెవరమూ ఈ సంగతి ఊహించలేదు. మామయ్య ముప్పై ఏళ్ళు అరిచి ఎత్తించలేని గొట్టాల్ని ఒక్క మెసేజీ ఎత్తించింది.

తల దగ్గర పాతికమంది దాకా చేరారు. అందరూ ఇంజన్లవాళ్ళే, మామయ్య చేత తిట్లు తిన్నవాళ్ళే. చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డారు. కాలవ మీద తూములు చూసే లస్కరు తూము ఎత్తాడు. ఎండిన మైనరులోకి నీళ్ళు ఆకుల్నీ చెత్తనీ తోసుకుంటూ దిగాయి. అత్తయ్య మోకాళ్ళ దాకా దిగి, గుడ్డ విప్పి, కుండలో చెయ్యి పెట్టింది.

పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాస్త కదిలించింది. మళ్ళీ ఆగింది. తలెత్తి నా వైపు చూసింది. తర్వాత గట్టు మీదున్న గొట్టాల వైపు చూసింది, అందరి మొహాలూ చూసింది. ఆ తర్వాత కుండను వంచి మొత్తం బూడిద నీళ్ళలోకి వదిలేసింది.

"పదండి," అంది.

బండెక్కమంటే ఎక్కలేదు. నీళ్ళతో పాటు గట్టు వెంట నడిచింది. వెనకాల నేను, కోటేష్. నీళ్ళు ఆగితే ఆగేది, కదిలితే కదిలేది. సగం దూరంలో ఏసుబాబు చేను. రెండెకరాల కౌలు, మాలాగే మిరప. చర్చి వెనక ఇళ్ళల్లో ఉంటాడు. మామయ్యను అన్నా అనీ, అత్తయ్యను వదినా అనీ పిలిచే మనిషి. అతనికి ఇంజను లేదు. కాలవకు సర్కారు వేసిన తూమే ఉంది, అందులోంచి వచ్చే నీళ్ళు అతని న్యాయమైన వంతు. ఆ తూమును కూడా మూసేసి, సందుల్లో బురద మెత్తి, టవలు తీసి చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"తూమెందుకు మూశావు ఏసుబాబూ? మీకు మైలలేం లేవుగా?" అంది అత్తయ్య.

"మైలకి కాదు వదినా. అన్న పోతున్నాడుగా, దారిస్తున్నా," అన్నాడు.

అత్తయ్య ఇంకా వేగంగా నడిచింది. సాయంత్రానికి నీళ్ళు మా చేనికి చేరాయి. కాలవ నిండా వచ్చాయి. కోటేష్ గట్టు తెగ్గొట్టి సాళ్ళలోకి మళ్ళించి, పారతో సహా అక్కడే కూలబడి ఏడ్చాడు. అత్తయ్య ఆ నీళ్ళలో చేతులు కడుక్కుంటూ నన్ను దగ్గరికి పిలిచింది.

"పత్తికట్టె బూడిదేనా?"

తల ఊపాను.

"ఎముక ముక్క ఒక్కటి తగలకపోతే నాకు తెలీదా? ఎక్కడ కలిపాడు వాడు?"

"అమరావతిలో అత్తయ్యా. పాపకి జ్వరం వచ్చినప్పుడు. బూడిద నింపింది నేనే."

ఆమె దోసిట్లో నీళ్ళు పట్టి మళ్ళీ వదిలేసింది. "అమరావతంటే కిందికి పోయినట్టే. బ్యారేజీ దగ్గర మళ్ళి మీ వేటపాలెం వైపు కాలవల్లో పడుంటాడు. మీ నాన్నకి చెప్పు, తూములు సరిగ్గా వేసుకోమని. లేకపోతే ఆయన ఊరుకోడు," అంది. నవ్వాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు. ఆమె మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అక్కడే ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అన్నాను కాసేపటికి.

"అందరూ గొట్టాలెత్తి నిలబడ్డారు. ఇందులో ఆయన లేడని చెప్తే దించరూ? ఆయన ఎట్టాగూ లేడు, నీళ్ళన్నా రానీ అనుకున్నా."

మూడు రోజులు చేను తాగినంత తాగింది. నాలుగో రోజు పైవాళ్ళంతా మైల తీరిందని ఒక్కసారే గొట్టాలు ముంచారు. ఆ దెబ్బకు మైనరు సగంలోనే చచ్చిపోయింది. అయిదో రోజుకు వంతు అయిపోయింది.

మార్చిలో రెండో కోతకు మా చేనంత కళగా ఊళ్ళో ఏ చేనూ లేదు. కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ములు. చెట్టుకు కుండ లేదు కాబట్టి కూలీలు కూడా బాగానే వచ్చారు. అందరం సంతోషంగా ఉండాల్సింది. అత్తయ్య మాత్రం కల్లంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతూనే ఉండేది. ఒకరోజు గట్టు వెంట పైకి నడిచి వెళ్ళి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది.

"ఏసుబాబు చేను చూశావా కోటేషూ? అంతా తాలే. పట్టుకుంటే పొట్టు రాలినట్టు రాలిపోతోంది."

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. దానికి సగం ధర కూడా రాదు. కోటేష్ తల దించుకున్నాడు. "దారిస్తానని మూడు రోజులు తూము మూసుకున్నాడుగా. తర్వాత ఎత్తేసరికి కాలవలో నీళ్ళేవి?"

"పొయ్యిలో బూడిదకి దారిచ్చి చేను ఎండబెట్టుకున్నాడు వాడు. నేను పోయి చెప్తా."

"అమ్మా, వద్దే. వాడికి తెలిస్తే పైవాళ్ళకి తెలుస్తుంది. మోసం చేశామని మనమీద పడతారు. ఇక జన్మలో మనకి చుక్క రానివ్వరు. కావాలంటే మన కల్లంలో కాయ కొంత వాడికిద్దాం."

"ఇద్దాం. ముందు నిజం చెప్పి, తర్వాత ఇద్దాం," అని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బూడిద నింపిన చేతులు నావి కాబట్టి నేనూ వెంట నడిచాను.

ఏసుబాబు చేలో ఒక్కడే తాలు కోసి గోతాంలో వేస్తున్నాడు. మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చాడు. అత్తయ్య నిలబడే చెప్పింది. ఏమీ దాచలేదు. అమరావతి, పత్తికట్టె, కుండలో చెయ్యి పెట్టినప్పుడే తనకు తెలిసిపోవడం, అన్నీ చెప్పి, "నీ చేను మేమే ఎండబెట్టాం. నువ్వు ఏమన్నా పడతాను," అంది.

అతను తిడతాడనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. అతను మెల్లగా గట్టు మీద కూర్చుండిపోయాడు.

"అయితే ఆరోజు ఆ నీళ్ళల్లో అన్న లేడా వదినా?"

"లేడు."

"నేను ఆయనతో మాట్టాడాను." "మీరు దాటిపోయాక నీళ్ళ దగ్గర కూర్చుని, ఆయనుండగా చెప్పలేంది చెప్పుకున్నా. గుండెల మీద బరువు దిగిందనుకుని ఇన్నాళ్ళూ నిద్రపోయా. పొయ్యిలో బూడిదకా నేను చెప్పుకుంది?"

"ఏం చెప్పావు?"

అతను నా వైపు చూశాడు. నేను పక్కకు పోబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఏసుబాబు గట్టు మీదున్న ఒక బండరాయిని చూపించాడు.

"ఆ రాయి కింద గొట్టం ఉంది వదినా. గట్టు తొలిచి వేశా. వంతు చాలక రెండేళ్ళు దాంట్లోంచి నీళ్ళు లాక్కున్నా. అన్న రోజూ ఇటు వచ్చినప్పుడు ఆ రాయి మీదే కూర్చునేవాడు. నా సద్దిలో చెయ్యి పెట్టి తింటూ నీళ్ళ దొంగల్ని తిట్టేవాడు. నేను ఊఁ కొట్టేవాణ్ణి. ఆయన కూర్చున్న చోటికి జానెడు కింద నా చేలోకి నీళ్ళు పోతుండేయి."

"మాకు మూడో కోత మొత్తం ఎండిపోయిన ఏడు కూడానా?" అంది అత్తయ్య.

"ఆ ఏడు కూడా."

ఆ ఏడే మామయ్య ట్రాక్టరు మీద డ్రమ్ములతో నీళ్ళు తోలి, మొక్కమొక్కకూ చెంబుతో పోసి, ఒక మధ్యాహ్నం గుండె పట్టుకుని సాలులో కూర్చుండిపోయారు. అప్పుడు మొదలైన నొప్పే ఆయన్ని తీసుకుపోయింది. చేను ఎండిందని ఇతని మీద జాలిపడిన నాకు ఇప్పుడు ఇతని మొహం చూడాలనిపించలేదు. అత్తయ్య కూడా చూడటం లేదు. రాయి వైపు చూస్తోంది. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందనీ, ఇక ఈ రెండిళ్ళ మధ్య మాటలుండవనీ అనుకున్నాను.

"బూడిదకి చెప్పింది చెప్పినట్టు కాదు," అంది చివరికి. "ఇప్పుడు నాకు చెప్పావు. ఆయనే వింటే ఏం చేసేవాడో తెలుసా?"

"తెలుసు వదినా. అందుకేగా చెప్పలేకపోయింది."

అత్తయ్య చెంగును భుజం మీదికి టవలులా విసిరి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"నీ జిమ్మడిపోను! అన్నం తినే నోరేనా అది? నా కంచంలోది నువ్వు తిని, నీ కంచంలోది నేను తిని, కూర్చున్న చోటే గొయ్యి తవ్వుతావంట్రా? పైనున్న దొంగలు నయం, మొహాన ఇంజను పెట్టుకుని తాగుతారు! నువ్వు ఊఁ కొడుతూ తాగావు కదరా!"

మామయ్య మాటలు, మామయ్య గొంతు. ఆయన పోయిన తర్వాత ఆమె గొంతెత్తడం అదే మొదటిసారి. పక్క చేలల్లో కోతకు వంగిన కూలీలు నడుములెత్తి చూశారు. తిడుతున్న ఆమె కళ్ళలోంచీ, తిట్లు తింటున్న అతని కళ్ళలోంచీ నీళ్ళు కారిపోతున్నాయి. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గట్టు మీద మామయ్య ఉన్నట్టనిపించి, ఆమె ఆపేస్తుందేమోనని భయం వేసింది.

ఆమె ఊపిరి కోసం ఆగింది. ఏసుబాబు తలెత్తాడు.

"ఇంకొంచెం తిట్టు వదినా," అన్నాడు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.